దారి అడగడానికి ఏడు మాటలు

భర్త ఉద్యోగం పేరుతో జపాన్ వచ్చే మన ఆడపిల్లలు ఈమధ్య బాగా పెరిగారు. బయలుదేరేముందు వాళ్ళు అడిగే ప్రశ్నలు ఇంచుమించు ఒకేలా ఉంటాయి. "అక్కా, అక్కడ కందిపప్పు దొరుకుతుందా? చింతపండు తెచ్చుకోవాలా? మిక్సీ పెట్టుకోనా?" అని. కందిపప్పు దొరుకుతుందమ్మా. టోక్యోలో ఎదొగవ వార్డు, నిషి కసై చుట్టుపక్కల మన దేశపు సరుకులమ్మే కొట్లున్నాయి. చింతపండు, మినప్పప్పు, కరివేపాకు కూడా చూడొచ్చు. మిక్సీ మాత్రం వద్దు. ఇక్కడి కరెంటు 100 వోల్టులు, మన మిక్సీ సరిగ్గా తిరగదు.

ఇవన్నీ అడుగుతారు గానీ, "వీధిలోకి వెళ్ళి దారి అడగాలంటే ఏమనాలి?" అని అడిగేవాళ్ళు తక్కువ. అదేముందిలే, ఆయన ఉంటారుగా అనుకుంటాం. ఈ వారం ఆ సంగతే మాట్లాడుకుందాం.

నిజానికి భాష అవసరం ఆయన కంటే మనకే ఎక్కువ. మగవాళ్ళు పొద్దున్నే రైలెక్కి ఆఫీసుకి పోతారు. అక్కడ చాలామందికి ఇంగ్లీషుతో గడిచిపోతుంది. దారి కూడా రోజూ ఒక్కటే. మనకలా కాదు. కూరలకు ఒక వైపు, పిల్లల బడికి ఒక వైపు, పోస్టాఫీసుకి ఒక వైపు, వార్డు ఆఫీసుకి మరో వైపు వెళ్ళాలి. పిల్లకి దగ్గొస్తే డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. వీటిలో ఏ ఒక్కదానికీ మన వెంట ఇంగ్లీషు వచ్చినవాళ్ళు రారు.

"ఆదివారం నేను తీసుకెళ్తాలే" అంటారు మగవాళ్ళు. ప్రేమగానే అంటారు, కాదనను. కానీ జ్వరం ఆదివారం దాకా ఆగదు కదా! పైగా ఆదివారం చాలా క్లినిక్కులు మూసే ఉంటాయి. అలా ఆదివారాల కోసం ఎదురుచూస్తూ, అపార్ట్‌మెంటుకీ కింద ఉన్న చిన్న కొట్టుకీ మధ్యే ఆరేడు నెలలు గడిపేసిన ఇల్లాళ్ళు నాకు తెలుసు. ఊళ్ళో ఇంటర్ చదివి, డిగ్రీ చదివి, సైకిలు తొక్కి, బ్యాంకు పనులు చూసుకున్న పిల్లలే! ఇక్కడికొచ్చి కిటికీలోంచి వీధిని చూస్తూ కూర్చుంటారు. అందుకని ఈ నాలుగు మాటలూ కందిపప్పు కంటే ముందు సర్దుకోవాలంటాను.

అడ్రసు చేతిలో ఉన్నా అడగాల్సిందే

"అడ్రసు రాసిచ్చారు, వెతుక్కుంటాం" అంటారేమో. ఇక్కడి అడ్రసు సంగతి వినండి. క్యోటోలాంటి కొన్ని ఊళ్ళు తప్పిస్తే, జపాన్‌లో అడ్రసుల్లో వీధి పేరనేది ఉండదు. మన గాంధీ రోడ్డు, నెహ్రూ వీధి లాంటివి పెద్ద రోడ్లకి ఉన్నా అడ్రసులో రాయరు. 1962లో వచ్చిన చట్టం ప్రకారం పేటని "చోమె" అనే ముక్కలుగా చేసి, ఒక్కో చోమెని గళ్ళుగా విడగొట్టి, ఆ గడి చుట్టూ తిరుగుతూ ఇళ్ళకి నెంబర్లు వేశారు. అడ్రసులో 3-5-12 అని ఉంటే మూడో చోమె, ఐదో గడి, పన్నెండో నెంబరు అన్నమాట. పాత పద్ధతి మిగిలిన చోట్ల స్థలం నెంబరునిబట్టి ఉంటుంది. అక్కడ పక్కపక్క ఇళ్ళ నెంబర్లు పక్కపక్కన ఉండాలని కూడా లేదు.

అందువల్ల జపాన్ వాళ్ళూ దారి అడుగుతారు, ఒకళ్ళకొకళ్ళు పటం గీసిస్తారు. దారి అడగడం ఇక్కడ నామోషీ కాదు. దాని కోసమే అన్నట్టు మూలమూలకీ "కోబన్" అని చిన్న పోలీసు గది ఉంటుంది. పెద్ద స్టేషన్ల దగ్గర తప్పకుండా కనిపిస్తుంది. ముందు ఎర్ర దీపం, లోపల ఆ పేట పటం. 1874 నాడు టోక్యోలో మొదలైన పద్ధతి ఇది. దొంగల్ని పట్టుకోవడం ఎంత పనో, దారి చెప్పడం కూడా వాళ్ళకి అంత పని. పోలీసుని జనం ముద్దుగా "ఒమవరి-సన్" అంటారు. "చుట్టూ తిరిగేవారు" అని అర్థం. గస్తీ తిరుగుతారు కదా, అందుకు. పోలీసు దగ్గరికి ఆడవాళ్ళం ఎలా వెళ్ళడం అని జంకకండి. ఇక్కడి ముసలమ్మలు కూడా లోపలికెళ్ళి అడిగి వస్తారు.

తెలుగు వచ్చిన నోటికి కష్టమేమీ కాదు

జపనీస్ అనగానే బొమ్మల్లాంటి అక్షరాలు గుర్తొచ్చి భయపడతారు. రాయడం, చదవడం కష్టమే. కాని మాట్లాడే తీరు మన తెలుగుకి చాలా దగ్గర. ఇంగ్లీషులో క్రియ మధ్యలో వస్తే వీళ్ళకి మనలాగే చివర్న వస్తుంది. "స్టేషన్ నుంచి" అనడానికి "ఎకి కర" అంటారు. "స్టేషన్ దాకా" అనడానికి "ఎకి మదె" అంటారు. ఎకి అంటే స్టేషన్. చూశారా, మనం విభక్తిని మాట వెనక తగిలించినట్టే! "వెళ్తాను, వెళ్తావు, వెళ్తుంది" అన్న తేడాలు కూడా లేవు. అన్నిటికీ "ఇకిమస్" ఒక్కటే.

మన ఇక్కడ, అక్కడ, ఎక్కడలాగే వీళ్ళకీ ఒక వరస ఉంది. నా దగ్గర "కొకొ", మీ దగ్గర "సొకొ", ఇద్దరికీ దూరంగా "అసొకొ", ఎక్కడ అంటే "దొకొ". దీన్నే మర్యాదగా అనాలంటే కొచిర, సొచిర, అచిర, దొచిర. మన ఇటు, అటు, ఎటులాగా. ఈ ఎనిమిదీ వంట చేసుకుంటూ పాటలాగా అనుకోండి, రెండ్రోజుల్లో వచ్చేస్తాయి.

ఇంకో సుగుణం చెప్పాలి. మనకి హ్రస్వం, దీర్ఘం, ద్విత్వం నోటికి బాగా అలవాటు. వడ వేరు, వాడ వేరు. అటు వేరు, అట్టు వేరు. జపనీస్‌లో ఈ తేడా ప్రాణం. "ఒబసన్" అంటే అత్తయ్యో పిన్నో, "ఒబాసన్" అంటే అమ్మమ్మ. నలభై ఏళ్ళావిడని అమ్మమ్మా అని పిలిస్తే ఎక్కడైనా బాగుండదు కదా! అలాగే "బ్యోయిన్" అంటే ఆసుపత్రి, "బియోయిన్" అంటే బ్యూటీపార్లరు. జ్వరంతో ఉన్న బిడ్డని చంకనేసుకుని రెండోది అడిగితే జుట్టు కత్తిరించే చోటికి దారి చూపిస్తారు. "బ్యో" ఒక్క దెబ్బలో, మనం "జ్యోతి" అన్నట్టు పలకాలి. ఇక త, ద అన్నవి మనలాగే మెత్తగా అంటే చాలు. "దెసు", "మసు" అని రాసి ఉన్నచోట చివరి ఉకారం మింగేసి "దెస్", "మస్" అంటారు.

ఇదిగోనమ్మా, పోపుల డబ్బా

మన పోపుల డబ్బాలో ఏడు గిన్నెలుంటాయి కదా. ఆవాలు, జీలకర్ర, మెంతులు అంటూ ఆ ఏడింటితోనే సంవత్సరమంతా వంట నడుపుతాం. దారి అడగడానికీ ఏడు మాటలుంటే చాలు.

మొదటి గిన్నె: సుమిమసెన్. ఇది ఆవాల్లాంటిది, ఇది వేయకుండా ఏదీ మొదలవదు. మన "ఏవండీ" అన్నమాట. పిలవడానికీ ఇదే, "క్షమించండి" అనడానికీ ఇదే, చిన్న సాయానికి కృతజ్ఞత చెప్పడానికీ ఇదే. ఈ మాటకి మూలార్థం "తీరదు" అని చెబుతారు. మీకు నేను పడ్డ బాకీ తీరదండీ అని. "మీ ఋణం తీర్చుకోలేను" అని మనమూ అంటాం కదా! దీని ముందు "అనో..." అని కాస్త సాగదీస్తే ఇంకా మెత్తగా ఉంటుంది. మనం "అదీ... ఏంటంటే..." అని నసిగినట్టు. ఇక్కడ ఆ నసుగుడు మర్యాదే.

రెండో గిన్నె: ఫలానా వ దొచిర దెస్ క. "ఫలానాది ఎటండీ?" అని. ఆసుపత్రి కావాలంటే "బ్యోయిన్ వ దొచిర దెస్ క", స్టేషన్ అయితే "ఎకి వ దొచిర దెస్ క". చివర "క" వస్తే ప్రశ్న. "దొకొ" అన్నా అర్థమవుతుంది, తప్పు కాదు. కాని కొత్తవాళ్ళతో, పెద్దవాళ్ళతో "దొచిర" అంటే గౌరవం.

మూడో గిన్నె: ఫలానా మదె ఇకితైన్ దెస్ గ... "ఫలానా దాకా వెళ్ళాలండీ, కానీ..." అని వాక్యాన్ని సగంలో వదిలేయాలి. ఆ చివరి "గ" అంటే "కానీ". మిగతాది అవతలివాళ్ళే పూరించుకుని దారి చెప్పేస్తారు. మనమూ పక్కింటికెళ్ళి "వదినగారూ, పంచదార నిండుకుందండీ..." అని ఆగిపోతాం. ఆవిడ గ్లాసు తెచ్చిచ్చేస్తుంది. ఇది కూడా అంతే.

నాలుగో గిన్నె: మిచి ఒ ఒషియెతె ఇతదకెమసెన్ క. ఇది ఇంగువ. బాగా మర్యాద అవసరమైనచోట చిటికెడు వాడాలి. "మిచి" అంటే దారి, "ఒషియెతె" అంటే చెప్పి. మొత్తం కలిపితే "దారి చెప్పే సాయం తమ దగ్గర పొందలేనా?" అని వస్తుంది. ప్రశ్నని "లేదా, కాదా" అని అడిగితే మర్యాద పెరుగుతుంది. మనం "కాస్త చెప్పరూ" అన్నట్టు. భోజనానికి ముందు జపాన్ వాళ్ళు చేతులు జోడించి "ఇతదకిమస్" అనడం మీరు సినిమాల్లో చూసే ఉంటారు. ఆ మాటా ఈ మాటా ఒకటే. వినయంగా పుచ్చుకోవడం అని. అన్నమైనా దారైనా పుచ్చుకునే తీరు ఒకటే అన్నమాట.

ఐదో గిన్నె: మో ఇచిదొ, యుక్కురి ఒనెగై షిమస్. "ఇంకోసారి, మెల్లగా చెప్పండి, దయచేసి." ఏడింటిలో ఒక్కటే నేర్చుకునే తీరిక ఉంటే ఇది నేర్చుకోండి అంటాను. ఎందుకంటే, మీరు మర్యాదగా అడిగేసరికి ఈవిడకి భాష వచ్చేసింది అనుకుని గలగలా చెప్పేస్తారు. అర్థంకాక తల ఊపేసి వచ్చేస్తే మళ్ళీ మొదటికే. అడగడానికి సిగ్గుపడకండి.

ఆరో గిన్నె: అరుయితె దొనొ గురై కకరిమస్ క. "నడిచి వెళ్తే ఎంతసేపు పడుతుందండీ?" చంటిబిడ్డ ఉన్నా, మోకాళ్ళ నొప్పులున్న అత్తగారు వెంట ఉన్నా ఇది ముఖ్యం. జవాబు నిమిషాల్లో వస్తుంది. గొఫున్ అంటే ఐదు, జుప్పున్ అంటే పది, జూగొఫున్ అంటే పదిహేను. అన్నట్టు, ఇక్కడ ఇల్లు అద్దెకి చూసేటప్పుడు "స్టేషన్ నుంచి నడక 8 నిమిషాలు" అని రాస్తారు. నిమిషానికి 80 మీటర్ల లెక్కన వేస్తారది. చంకలో బిడ్డ, చేతిలో సంచీ ఉన్న మన నడకకి ఇంకొంచెం కలుపుకోండి.

ఏడో గిన్నె: అరిగతో గొజైమష్త. "చాలా థాంక్సండీ." చివర "మస్" బదులు "మష్త" అంటే, మీరు చేసిన సాయం అందింది అని జరిగిపోయినట్టు చెప్పడం. చెబుతూ నడుము దగ్గర్నుంచి కొద్దిగా వంగాలి. దీనికి "తసుకరిమష్త" అని కూడా కలిపితే, "గట్టెక్కించారండీ" అన్నట్టు ఉంటుంది. ఎదుటివాళ్ళ మొహం వికసిస్తుంది.

జవాబు వినడానికి పది మాటలు

అడగడం సగం పనే, విని అర్థం చేసుకోవడం మిగతా సగం. చెప్పేవాళ్ళు వంద మాటలు చెప్పినా మీరు ఏరుకోవలసినవి కొన్నే. బియ్యంలో రాళ్ళు ఏరినట్టు కాకుండా, ఇక్కడ రాళ్ళు వదిలేసి బియ్యం ఏరుకోవాలి.

మస్సుగు - తిన్నగా. మిగి - కుడి. హిదరి - ఎడమ. కదొ - మూల, మలుపు. షింగో - సిగ్నలు దీపం. హషి - వంతెన. తొనరి - పక్కన. మయె - ఎదురుగా, ముందు. హితొత్సుమె - మొదటిది. ఫుతత్సుమె - రెండోది.

"ఫుతత్సుమె నొ షింగో ఒ మిగి" అని చెవిన పడిందనుకోండి, రెండో సిగ్నలు దగ్గర కుడి వైపు అని. అంతే! విన్నదాన్ని మీరు తిరిగి ఒకసారి చెప్పండి. "మిగి దెస్ నె?" అంటే "కుడి కదండీ?" అని. ఆ "నె" అచ్చంగా మన "కదా". తప్పు విని ఉంటే వాళ్ళే సరిచేస్తారు.

వాళ్ళు చెబుతున్నంతసేపూ మధ్యమధ్య "హై, హై" అంటుండాలి. ఇది అవును అని కాదు, మనం కథ వింటూ ఊఁ కొట్టడం. ఊఁ కొట్టకపోతే వీళ్ళకి వినడం లేదేమో అని అనుమానం. మన వైపు తల పక్కలకి ఊపే అలవాటు మాత్రం ఇక్కడ మానేయండి. అది అవునో కాదో వాళ్ళకి తేలదు. కిందికి పైకి ఊపండి.

స్టేషన్లో అయితే దిక్కులు కూడా కావాలి. బయటికెళ్ళే ద్వారాలకి దిక్కుల పేర్లుంటాయి. హిగషి తూర్పు, నిషి పడమర, మినమి దక్షిణం, కిత ఉత్తరం. చివర "గుచి" తగిలితే ద్వారం. "మినమి-గుచి" అంటే దక్షిణ ద్వారం. నిషి కసై అంటే పడమటి కసై, మనకి పడమటి వీధి ఉన్నట్టే. షింజుకు స్టేషనుకి రెండు వందలకు పైగా దారులున్నాయి. అక్కడ ఒక తప్పు ద్వారంలోంచి బయటపడితే అరగంట తిరగాలి. అందుకని "ఏ ద్వారం?" అని ముందే అడిగి పెట్టుకోవాలి. బయటికి దారి చూపే బోర్డులు మామూలుగా పసుపు రంగులో ఉంటాయి, గుర్తుంచుకోండి. టోక్యో మెట్రోలో 2004 నుంచి ప్రతి స్టేషనుకీ అక్షరం, అంకె ఇచ్చారు. నిషి కసై టి-16. పేరు పలకడం రాకపోయినా ఆ అంకె చూపిస్తే చాలు.

ఆ రోజు మధ్యాహ్నం

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మా బిల్డింగులో మూడో అంతస్తులో గుంటూరు వైపు అమ్మాయి ఉంది. వచ్చి నాలుగు నెలలయింది. రెండేళ్ళ బాబు. నోరు విప్పడానికి మహా బిడియం. నేనే వారానికి రెండుసార్లు టీ టైములో కూర్చోబెట్టి ఈ ఏడు మాటలూ అనిపించేదాన్ని. "నాకెందుకు పిన్నీ, ఆయనున్నారుగా" అనేది. అయినా నా పోరు పడలేక వల్లెవేసింది.

ఒకరోజు మధ్యాహ్నం బాబుకి జ్వరం 39 డిగ్రీలు దాటింది. ఏది పెట్టినా కక్కేస్తున్నాడు. ఆయనకి ఫోను చేస్తే మీటింగులో ఉండి ఎత్తలేదు. నాకు చేస్తే నేను సరుకుల కోసం రెండు స్టేషన్ల అవతల ఉన్నాను. నేను వచ్చేసరికి గంట పడుతుంది. ఆ పిల్ల ఆగలేదు. బాబుని బండిలో పడుకోబెట్టి కిందికి దిగింది. పిల్లల డాక్టరుని ఇక్కడ "షోనిక" అంటారని తెలుసు. ఎదురు ఇంటి ముందు కుండీలకి నీళ్ళు పోస్తున్న ఓ పెద్దావిడ కనిపించింది. "అనో... సుమిమసెన్. షోనిక మదె ఇకితైన్ దెస్ గ..." అంది. పెద్దావిడ బండిలోకి తొంగిచూసి, గబగబా ఏదో చెప్పింది. ఒక్క ముక్క అందలేదు. అప్పుడు ఐదో గిన్నె తీసింది. ఆవిడ నీళ్ళ డబ్బా కింద పెట్టి, చేత్తో గాలిలో గీస్తూ, ఒక్కో మాటా విడగొట్టి చెప్పింది. మస్సుగు. ఫుతత్సుమె నొ షింగో. హిదరి. "హిదరి దెస్ నె?" అని ఈ పిల్ల తిరిగి అడిగింది. ఏడు నిమిషాల్లో క్లినిక్ దొరికింది. ఇక్కడ చాలా క్లినిక్కులకి మధ్యాహ్నం విరామం ఉంటుంది. మళ్ళీ మూడింటికి తెరిచేదాకా గుమ్మంలో కూర్చుని, మొదటి చీటీ తనే తీసుకుంది. వైరస్ జ్వరమట. ఒంట్లో నీరు తగ్గకుండా చూడమని చెప్పి మందిచ్చారు. నాలుగు రోజుల్లో బాబు మళ్ళీ వరండాలో పరుగులు.

సాయంత్రం ఆయనొచ్చి, "నేను వచ్చేదాకా ఆగకపోయావా, ఒక్కదానివే ఎలా వెళ్ళావు?" అన్నాడట. "మిమ్మల్ని పిలిచాను, మీరు పలకలేదు. వీధిలో పిలిచాను, పలికారు" అందిట ఈ అమ్మాయి. దెప్పిపొడవడానికి కాదు, ఉన్నమాట చెప్పింది. ఆ మర్నాటి నుంచి కూరలకి తనే వెళ్తోంది. కుండీల పెద్దావిడకి ఓ డబ్బాలో కొబ్బరి లౌజు ఇచ్చివచ్చింది కూడా. ఇప్పుడావిడ ఈ బాబుని పేరుపెట్టి పిలుస్తుంది.

కొన్ని మర్యాదలు

వీధిలో ఎవర్నీ "అనత" అనకండి. పుస్తకాల్లో "మీరు" అంటే "అనత" అని ఉంటుంది. కాని ముక్కూమొహం తెలియనివాళ్ళని అలా అంటే బాగుండదు. మరో తమాషా ఏమిటంటే, జపాన్ ఇల్లాళ్ళు మొగుణ్ణి పిలిచేది ఆ మాటతోనే, మన "ఏమండీ"లాగా! కాబట్టి బయట "సుమిమసెన్" చాలు. పేరు తెలిస్తే చివర "సన్" చేర్చండి, అది మన "గారు". మన పేరుకి మనం గారు తగిలించుకోం కదా, "సన్" కూడా అంతే.

దూరం నుంచి కేకెయ్యకండి. రెండడుగుల దూరంలో నిలబడి మెల్లగా అడగండి. చెయ్యి పట్టుకోవడం, భుజం తట్టడం వద్దు. వేలితో కాకుండా అరచేతితో చూపించండి. తెలియకపోతే వాళ్ళు "చొత్తొ..." అని తల వంచి ఆగిపోతారు. అంటే "కొంచెం..." అని. తెలియదు అని మొహం మీద చెప్పలేక అలా అంటారు. వెంటనే అరిగతో చెప్పి ఇంకొకర్ని అడగండి. ఒక్కోసారి పని మానుకుని గుమ్మం దాకా దిగబెడతారు. డబ్బులు మాత్రం ఇవ్వబోకండి, ఇక్కడ ఆ అలవాటు లేదు. మరుగుదొడ్డి అడగాలంటే "ఒతె-అరై వ దొచిర దెస్ క" అనండి. చేతులు కడుక్కునే చోటు అని నాజూకైన మాట.

"ఫోన్‌లో పటం ఉంది, మాట్లాడితే తర్జుమా చేసేది కూడా ఉంది, ఇంకా ఇవన్నీ ఎందుకు?" అంటారు మా పిల్లలు. ఉండనివ్వండి, నేనూ వాడతాను. కాని చార్జింగు అయిపోవచ్చు. నేలకింద రెండు మూడు అంతస్తుల్లో ఉండే స్టేషన్లో ఆ నీలం చుక్క ఎటు చూడాలో తెలియక గిరగిరా తిరుగుతుంది. అంతకంటే పెద్ద సంగతి, ఫోను దారి చూపిస్తుంది గాని, మర్నాడు "బాబుకి ఎలా ఉంది?" అని అడగదు. పరాయి ఊళ్ళో మనకి మొదటి పరిచయాలు దొరికేది ఇలా దారి అడిగే చోటే.

చివరగా కాగితం మీద రాసి ఫ్రిజ్జుకి అంటించుకోవలసిన నెంబర్లు. పోలీసుకి 110. అగ్నిమాపకం, అంబులెన్సు రెంటికీ 119. పిల్లలకి రాత్రిపూట, సెలవు రోజుల్లో ఒంట్లో బాగుండకపోతే సలహా చెప్పడానికి హాష్ గుర్తు నొక్కి 8000. అంబులెన్సు పిలవాలో వద్దో తేలకపోతే టోక్యోలో హాష్ గుర్తు నొక్కి 7119. వీటి పక్కనే మీ ఇంటి అడ్రసు జపాన్ అక్షరాల్లో ఎవరిచేతనైనా రాయించి పెట్టుకోండి. మాట తడబడినా కాగితం చూపించవచ్చు. భాష ఇంకా నేర్చుకోవాలనుంటే మీ వార్డు ఆఫీసులో అడగండి. చాలాచోట్ల వాలంటీర్లు తక్కువ ఖర్చుతో తరగతులు నడుపుతారు. పిల్లల్ని వెంట రానిచ్చే చోట్లు కూడా ఉంటాయి, ముందే కనుక్కోండి.

ఈ వారం ఇంటిపని ఇదీ. ఇంట్లో వస్తువులకే దారి అడగండి. "పంచదార వ దొచిర దెస్ క?" అని మీరడిగితే, పిల్లలు మిగి, హిదరి అని చెప్పాలి. వాళ్ళకి ఆట, మనకి పాఠం. వారం తిరిగేసరికి ఒక్కసారైనా, దారి తెలిసిన చోటికే అయినా సరే, వీధిలో ఒకరిని ఆపి అడిగి రండి. తెలిసిన దారి అడగడంలో ఒక లాభం ఉంది. జవాబు అర్థం కాకపోయినా ఇంటికి రాగలరు!

వచ్చేవారం కూరల కొట్లో ఏం మాట్లాడాలో చూద్దాం. అక్కడ ముల్లంగి మన మోచేతంత పొడుగుంటుంది. సగం కోసి అమ్ముతారని తెలియక మొత్తం మోసుకొచ్చేవాళ్ళు చాలామందే ఉన్నారు. అంతవరకూ సెలవు.